మూడు వైర్లు తెలిస్తే బండి కదులుతుంది

బ్యాటరీ నిండుగా ఉంది. తాళం తిప్పితే మీటరు వెలుగుతోంది, హెడ్‌లైటు పడుతోంది, హారను మోగుతోంది. ఎక్స్‌లేటర్ తిప్పితే మాత్రం బండి అంగుళం కదలదు. తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేసేవారికి, మార్కెట్ నుంచి టిఫిన్ సెంటర్‌కు సరుకు తెచ్చుకునేవారికి, రాత్రి పదకొండు దాకా ఆర్డర్లు మోసే డెలివరీ కుర్రాళ్లకు ఆ రోజు సంపాదన అక్కడితో ఆగిపోయినట్టే.

ఎలక్ట్రిక్ బండ్లకు వచ్చే ఇబ్బందుల్లో ఇది చాలా మామూలుది. చాలాసార్లు చాలా చిన్నది కూడా. గ్రిప్ లోపల మిరియపు గింజంత సెన్సరో, హ్యాండిల్ మెడ దగ్గర నలిగి తెగిన సన్నని వైరో, వాన నీళ్లు చేరి పచ్చగా చిలుం పట్టిన, వైర్లను కలిపే కప్లరో దీనికి కారణం. మామూలు బండికి కొత్త థ్రాటిల్ (అంటే ఎక్స్‌లేటర్ గ్రిప్ మొత్తం) వేయించినా ఖర్చు వందల్లోనే తేలుతుంది. అయినా దీని కోసం వేలు పోసి కంట్రోలర్ (మోటారుకు కరెంటు పంపే పెట్టె) మార్పించుకున్నవాళ్లున్నారు. విసిగిపోయి బండిని మెట్ల కింద పడేసినవాళ్లూ ఉన్నారు. షాపుల్లో జరిగే సంభాషణ దాదాపు ఒకేలా ఉంటుంది. "అన్నా, ఎక్స్‌లేటర్ అందుకోవట్లేదు." "కంట్రోలర్ పోయినట్టుంది తమ్ముడూ, మార్చాల్సిందే." మధ్యలో జరగాల్సిన పని ఒకటి జరగదు: మీటరు పెట్టి చూడటం.

అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. మూడు వైర్లు, మూడు అంకెలు తెలిస్తే చాలు. బండి ఉన్న ప్రతి ఇంటికీ, బండ్లు బాగుచేసే ప్రతి షాపుకూ ఆ మాత్రం తెలియాలన్నది ఈ కథనం పట్టుదల.

కేబుల్ పోయి అయస్కాంతం వచ్చింది

పాత పెట్రోలు బండిలో గ్రిప్ తిప్పితే ఒక ఉక్కు కేబుల్ లాగబడుతుంది. అవతలి కొసన కార్బురేటర్ తెరుచుకుంటుంది. కేబుల్ తెగితే గ్రిప్ వదులుగా తిరుగుతుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. కొత్త కేబుల్ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది. తరాలుగా మన మెకానిక్‌ల చేతుల్లో ఉన్న విద్య అది.

ఎలక్ట్రిక్ బండిలో గ్రిప్ దేన్నీ లాగదు. గ్రిప్‌తోపాటు తిరిగే చిన్న అయస్కాంతాలు ఉంటాయి. వాటి ఎదురుగా కదలకుండా బిగించిన ఒక సెన్సర్ ఉంటుంది. గ్రిప్ తిరిగేకొద్దీ సెన్సర్ ముందు అయస్కాంతం మారుతుంది, దాంతో సెన్సర్ ఇచ్చే వోల్టేజీ పెరుగుతుంది. కంట్రోలర్ ఆ వోల్టేజీని చదివి, మోటారుకు ఎంత కరెంటు పంపాలో నిర్ణయిస్తుంది. చేతికీ చక్రానికీ మధ్య ఉన్న బంధం అంతే. కంటికి కనిపించదు కాబట్టే తెగినా తెలియదు.

హాల్ సెన్సర్ అనే ఈ ముక్క వెనుక ఒక విద్యార్థి సందేహం ఉంది. 1879లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ పరిశోధన చేస్తున్నాడు. కరెంటు పారుతున్న తీగను అయస్కాంతం పక్కన పెడితే బలం పడేది తీగ మీదే గానీ అందులో పారే కరెంటు మీద కాదని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ తన గ్రంథంలో రాశాడు. హాల్‌కు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. గురువు హెన్రీ రోలండ్‌ను అడిగితే ఆయనకూ ఆ సందేహమే ఉందని తేలింది. గాజు పలక మీద అతికించిన పల్చటి బంగారు రేకులో కరెంటు పారించి, అయస్కాంతం మధ్య ఉంచి చూశాడు హాల్. కరెంటు పారే దారికి అడ్డంగా, రేకు రెండు అంచుల మధ్య అతి చిన్న వోల్టేజీ కనిపించింది. జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నది 1897లో. తీగలో పారేదేమిటో లోకానికి తెలియడానికి 18 ఏళ్ల ముందే ఒక కుర్రవాడు దాని ప్రవర్తనను కొలిచి చూపించాడన్నమాట. తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించే సంగతి ఇది. బంగారంలో ఆ వోల్టేజీ మరీ తక్కువ కావడంతో చాలాకాలం అది ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది. సెమీకండక్టర్లు వచ్చాక చేతికి అందింది. ఇప్పుడు అదే సూత్రం మూడు కాళ్ల నల్ల ముక్కగా హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో పదుల రూపాయలకు దొరుకుతోంది.

థ్రాటిల్‌ను అనుమానించే ముందు

బండి కదలకపోతే నేరం నేరుగా థ్రాటిల్ మీద వేయకూడదు. బ్రేకు లివర్‌లో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. బ్రేకు నొక్కగానే మోటారుకు కరెంటు ఆపేయమని అది కంట్రోలర్‌కు చెబుతుంది. దుమ్ము చేరో, స్ప్రింగు బలహీనపడో ఆ స్విచ్ నొక్కినట్టే ఉండిపోతే, ఎక్స్‌లేటర్ ఎంత తిప్పినా బండి కదలదు. వెనక బ్రేకు లైటు ఆరకుండా వెలుగుతూ ఉంటే అనుమానం అక్కడ పెట్టుకోవాలి. చాలా బండ్లలో సైడ్ స్టాండ్‌కూ ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. పార్కింగ్ బటన్ ఉన్న బండ్లలో దాన్ని నొక్కితే తప్ప మోటారు మేల్కోదు. ఇంట్లో పిల్లలు ఆ బటన్‌తో ఆడుకుని వదిలేసినా పెద్దలు బండిని షాపు దాకా తోసుకెళ్తుంటారు. బ్యాటరీ సంగతీ అంతే. బండి నిలిచి ఉన్నప్పుడు మీటరు నిండుగా చూపించి, తిప్పగానే గీతలన్నీ పడిపోతే లోపం గ్రిప్‌లో ఉన్నట్టు కాదు.

ఇవన్నీ చూశాక, బండిని సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాలిలో ఉండేలా చూసుకోవాలి. దీనికి మినహాయింపు లేదు. హబ్ మోటారు చక్రంలోనే ఉంటుంది. వైరు ఒక్కటి తాకరానిచోట తాకితే నిలబెట్టిన బండి గోడ మీదికి దూకుతుంది. పరీక్షించేవాడి కాళ్ల మీదికీ దూకుతుంది.

మీటరు చెప్పే మూడు అంకెలు

మల్టీమీటరు కొన్ని వందల రూపాయల వస్తువు. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టుకోవాలి. గ్రిప్ నుంచి వచ్చే వైర్ల కప్లర్ సాధారణంగా హెడ్‌లైటు డూమ్ లోపలో, ముందు ప్యానెల్ కిందో ఉంటుంది. అందులో ఎరుపు, నలుపు, ఇంకొకటి కనిపిస్తాయి. ఆ మూడోది ఎక్కువగా ఆకుపచ్చగానో తెల్లగానో ఉంటుంది. బండి ఆన్ చేసి, కప్లర్ ఊడదీయకుండా వెనక వైపు నుంచి మీటరు సూదులు ఆనించాలి.

నలుపుకూ ఎరుపుకూ మధ్య దాదాపు 5 వోల్టులు రావాలి. రాకపోతే థ్రాటిల్‌కు తిండి అందడం లేదు. అప్పుడు బండి ఆపి, థ్రాటిల్ కప్లర్ ఊడదీసి, బండి మళ్లీ ఆన్ చేసి కంట్రోలర్ వైపు చూడాలి. 5 వోల్టులు తిరిగి వచ్చాయంటే గ్రిప్ లోపలే షార్ట్ అయి ఆ వోల్టేజీని లాగేస్తోంది. అప్పటికీ రాకపోతే వెంటనే కంట్రోలర్ పోయిందనుకోవద్దు. మోటారు లోపల కూడా మూడు హాల్ సెన్సర్లు ఉంటాయి. చాలా బండ్లలో వాటికీ థ్రాటిల్‌కూ వెళ్లేది ఒకే 5 వోల్టుల సరఫరా. మోటారులోకి నీళ్లు దిగి అక్కడ షార్ట్ అయితే ఇక్కడ థ్రాటిల్ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. మోటారు సెన్సర్ల కప్లర్ కూడా తీసి చూశాకే కంట్రోలర్ మీద తీర్పు చెప్పాలి. వేల రూపాయలు తప్పుదారి పట్టేది ఎక్కువగా ఇక్కడే.

5 వోల్టులు సరిగ్గా ఉంటే నలుపుకూ మూడో వైరుకూ మధ్య చూడాలి. గ్రిప్ వదిలేసి ఉన్నప్పుడు 0.8కి అటూఇటుగా, మెల్లగా తిప్పుతూ పోతే పెరుగుతూ పూర్తిగా తిప్పేసరికి మూడున్నర నుంచి నాలుగు వోల్టుల పైచిలుకు రావాలి. ఆ ఎక్కడం నున్నగా సాగాలి. మధ్యలో గెంతులు, పడిపోవడాలు ఉండకూడదు.

గ్రిప్ వదిలినప్పుడు సున్నా ఉండాలి కదా, 0.8 ఎందుకని అడగొచ్చు. అందులోనే దీని తెలివి ఉంది. సున్నా వస్తే వైరు తెగిందనో, సరఫరా లేదనో అర్థం. 0.8 వస్తే అన్నీ సవ్యంగా ఉన్నాయి, మనిషి మాత్రం ఎక్స్‌లేటర్ తిప్పడం లేదని అర్థం. ఈ తేడా తెలియడం కోసమే చాలా కంట్రోలర్లు ఒక వోల్టు దాటేదాకా మోటారును కదిలించవు.

తప్పు అంకెలు ఇంకా ఎక్కువ చెబుతాయి. వదిలేసి ఉంచినా, తిప్పినా దాదాపు రెండున్నర దగ్గరే కదలకుండా ఉంటే లోపల అయస్కాంతం ఊడిపోయి ఉంటుంది. ఈ సెన్సర్‌కు ఎదురుగా అయస్కాంతమే లేకపోతే అది చూపించేది దాదాపు సగం వోల్టేజీ. వదిలేసినా నాలుగు దాటి చూపిస్తుంటే నల్ల వైరు తెగిందని, లేదా లోపల తడి చేరిందని అనుమానించాలి. నల్ల వైరు తెగడం అన్నిటికంటే ప్రమాదం. దారి మూసుకుపోయిన వోల్టేజీ సిగ్నల్ వైరు మీదికి ఎక్కి, మనిషి చేయి పెట్టకుండానే పూర్తిగా తిప్పినట్టు కంట్రోలర్‌కు కనిపించవచ్చు. తాళం తిప్పగానే సిగ్నల్ ఎక్కువగా ఉంటే మంచి కంట్రోలర్ బండిని కదలనివ్వదు. కదలని బండిని చూసి విసుక్కుంటాం గానీ ఆ క్షణంలో అది మన ప్రాణం కాపాడుతోంది. చవక రకం కంట్రోలర్లలో ఈ రక్షణ ఉందని గుడ్డిగా నమ్మడానికి లేదు.

వైరు, వాన, వాటర్ సర్వీసింగ్

అంకెలు ఒకసారి సరిగ్గా, ఒకసారి తప్పుగా వస్తుంటే ఒకరు మీటరు పట్టుకుని ఉండగా ఇంకొకరు హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పాలి. మలుపు తిప్పినప్పుడల్లా వైరు వంగేది హ్యాండిల్ మెడ దగ్గరే. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు తెగిపోతాయి. ఎడమ మలుపులో ఆగిపోయి కుడి మలుపులో అందుకునే బండి కథ ఇదే. తెగిన చోట కత్తిరించి, స్లీవ్ ముందుగా ఎక్కించి, సోల్డర్ పెట్టి, స్లీవ్‌ను వేడి చేసి బిగించాలి. కొంచెం వదులు మిగిల్చి కట్టాలి. పోగులు మెలితిప్పి టేపు చుట్టడం ఇంటికి చేరడానికి పనికొస్తుంది, వర్షాకాలం గడవడానికి పనికిరాదు.

మన దగ్గర థ్రాటిల్‌కు పెద్ద శత్రువు నీళ్లు. వానకంటే ఎక్కువ నష్టం చేసేది వాటర్ సర్వీసింగ్. బలంగా కొట్టే నీటి ధార గ్రిప్ సందులోంచి, కప్లర్లలోంచి లోపలికి పోతుంది. హ్యాండిల్ మీద ధార పెట్టొద్దని అక్కడి కుర్రాడికి ముందే చెప్పాలి. చిలుం పట్టిన కప్లర్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి మూస్తే చాలా బండ్లు ఆ దెబ్బకే లేచి నిలబడతాయి. అంత చిన్న పనికి కొత్త సామాను అమ్మడం అన్యాయం.

గ్రిప్ విప్పాల్సి వస్తే

వైరు బాగుండి అంకెలు మాత్రం తప్పుగా ఉంటే గ్రిప్ విప్పాలి. సీటు కింద ఎంసీబీ (మెయిన్ స్విచ్) దించి, కంట్రోలర్‌లో మిగిలిన కరెంటు దిగడానికి కొన్ని నిమిషాలు ఆగి పని మొదలుపెట్టాలి. లోపల స్ప్రింగు ఏ గాడిలో ఉందో ఫోనుతో ఒక ఫొటో తీసుకోవాలి. అయస్కాంతాల మీద పెన్నుతో గుర్తు పెట్టాలి. ఊడిన అయస్కాంతాన్ని తిరగేసి అతికిస్తే లెక్క తలకిందులవుతుంది. గ్రిప్ వదిలినప్పుడు పూర్తి వేగం, తిప్పినప్పుడు ఆగిపోవడం జరుగుతుంది.

సెన్సర్ పోయిందని తేలితే మార్చవచ్చు. ఇక్కడ నేను గట్టిగా హెచ్చరించాల్సింది ఒకటుంది. థ్రాటిల్‌లో ఉండే సెన్సరూ, మోటారులో ఉండే సెన్సరూ చూడటానికి కవల పిల్లల్లాంటివి. రెండూ నల్లగా, మూడు కాళ్లతో, ఒకే పరిమాణంలో ఉంటాయి. రెండిటినీ దుకాణంలో హాల్ సెన్సర్ అనే అంటారు. కానీ థ్రాటిల్‌కు కావాల్సింది అయస్కాంతం దగ్గరయ్యే కొద్దీ మెల్లగా వోల్టేజీ మార్చే లీనియర్ రకం. ఎస్‌ఎస్49ఇ అనేది అందులో అందరికీ తెలిసినది. మోటారులోది స్విచ్ లాంటిది, దానికి ఆన్, ఆఫ్ తప్ప మధ్యస్థితి లేదు. అది థ్రాటిల్‌లో పెడితే బండి కదలకుండా ఉంటుంది, లేదా ఒక్కసారిగా పూర్తి వేగంతో లేస్తుంది. కొనేటప్పుడు సెన్సర్ మీద రాసిన అంకె చదివి తీసుకోవాలి. సోల్డర్ వేడి ఎక్కువసేపు తగిలితే కొత్త సెన్సర్ కూడా అక్కడే పోతుంది.

నన్నడిగితే సోల్డరింగ్ చేయి తిరగనివాళ్లు థ్రాటిల్ మొత్తం మార్చుకోవడమే మేలు. చాలా బండ్ల హ్యాండిల్ రాడ్ 22 మిల్లీమీటర్లది కాబట్టి సరిపోయేది దొరకడం కష్టం కాదు. రంగులను మాత్రం నమ్మవద్దు. ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీకి ఎరుపు కాకపోవచ్చు. పైగా కొన్ని గ్రిప్‌లలో బ్యాటరీ మట్టం చూపించే లైట్లో, తాళమో కలిసి ఉంటాయి. ఆ వైర్లలో వచ్చేది 48 లేదా 60 వోల్టుల పూర్తి బ్యాటరీ వోల్టేజీ. అది పొరపాటున 5 వోల్టుల వైరుకు తగిలితే నిజంగానే కంట్రోలర్ పోతుంది. కప్లర్ కలిపే ముందు ప్రతి వైరునూ మీటరుతో చూడటం తప్పనిసరి. ఎరుపు, సిగ్నల్ వైర్లను కలిపి "మోటారు తిరుగుతుందేమో చూద్దాం" అనే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది. దాన్ని మానేయాలి.

పని అయ్యాక చక్రం గాలిలో ఉండగానే పూర్తిగా తిప్పి వదలాలి. గ్రిప్ టక్కున వెనక్కి రావాలి, అంకె 0.8కి దిగాలి. మోటారు తిరుగుతుండగా బ్రేకు లివర్ నొక్కితే కరెంటు ఆగాలి. ఈ రెండూ చూడకుండా బండి రోడ్డెక్కకూడదు.

పెద్ద కంపెనీల వేగవంతమైన స్కూటర్లకు ఈ వైద్యం వర్తించదు. కార్ల ఎక్స్‌లేటర్ పెడల్‌లో రెండు సెన్సర్లు ఉంటాయి, రెండు అంకెలూ పొంతన కుదిరితేనే కంప్యూటర్ నమ్ముతుంది. కొన్ని స్కూటర్లలోనూ ఇదే ఏర్పాటు ఉంది. అలాంటి స్కూటర్లు, వారంటీలో ఉన్న బండ్లు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. ఏ బండిదైనా బ్యాటరీ ప్యాక్ జోలికి ఇంట్లో పోవద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇళ్లలో బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు.

కొనేటప్పుడు రాయితీ, ఆగినప్పుడు?

ఈ మరమ్మతు ఎక్కువగా అవసరమయ్యేది చిన్న బండ్లకు. 250 వాట్లకు లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లకు లోపు వేగం ఉన్న బండిని కేంద్ర మోటారు వాహన నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెద్దవాళ్లు, విద్యార్థులు, చిన్న జీతాలవాళ్లు వీటిని కొన్నది అందుకే. విడిభాగాలు తెప్పించి బిగించి అమ్మిన బ్రాండ్లు ఎన్నో. అమ్మిన షోరూమ్‌కు తాళం పడితే ఆ బండికి వైరింగ్ పటం చూపించే దిక్కుండదు.

కొనేవారికి అండ దొరికింది. కేంద్రం 2024 అక్టోబరులో 10,900 కోట్ల రూపాయలతో పీఎం ఈ-డ్రైవ్ పథకం తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. మంచి పనులే. కానీ ఈ లెక్కల్లో వీధి చివరి మెకానిక్ కనిపించడు. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది. మొబైళ్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతోపాటు ఆటోమొబైల్ రంగాన్నీ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ మొదలైంది. కంపెనీలు తమ మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు అక్కడ అందుబాటులో ఉంచాలన్నది ఉద్దేశం. ఎలక్ట్రిక్ బండి అమ్మే ప్రతి కంపెనీ తన థ్రాటిల్ వైర్ల రంగులు, రావాల్సిన వోల్టేజీలు ఒక్క కాగితం మీద అచ్చువేసి సీటు కింద అతికిస్తే సగం సమస్య తీరుతుంది. దానివల్ల బయటపడే వ్యాపార రహస్యం ఏదీ లేదు.

ఐటీఐలకూ ఒక విన్నపం. టూ వీలర్ నేర్చుకుంటున్న ప్రతి విద్యార్థి చేతికి ఒక మల్టీమీటరు, ఒక పాత థ్రాటిల్ ఇవ్వండి. కార్బురేటర్ విప్పి బిగించడం నేర్చుకున్న చేతులు దీన్ని ఒక్క పూటలో పట్టుకుంటాయి.

ఇక బండి ఉన్నవారికి. ఈసారి ఎక్స్‌లేటర్ అందుకోకపోతే ముందు బ్రేకు లైటు చూడండి, సైడ్ స్టాండ్ చూడండి. షాపుకు వెళ్తే "5 వోల్టులు వస్తున్నాయా? సిగ్నల్ ఎంత చూపిస్తోంది?" అని అడగండి. ఆ రెండు అంకెలు చెప్పకుండా కంట్రోలర్ మార్చాలంటే ఒప్పుకోకండి. మీటరు పెట్టి, ఓపిగ్గా వెతికి, చివరికి ఒక వైరు అతికించి ఇచ్చిన మెకానిక్ ఉంటే, వైరు ముక్కకే కదా అని బేరమాడకుండా ఆయన వెతికిన సమయానికి కూడా డబ్బులివ్వండి.